నెల్లూరు ఎండల్లో ఊలు క్లాసు

మూలాపేటలో మా మిద్దె మీద శనివారం సాయంత్రాలు ఊలు అల్లిక నేర్పుతానని నలుగురికీ చెప్పిన రోజున ఎదురింటి అత్త నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "ఏందిమే, ఎండదెబ్బ గాని తగిలిందా నీకు? రోహిణి కార్తెలో ఒంటి మీద రవికే బరువు. నువ్వల్లే స్వెట్టర్లు యాడ పెట్టుకోను?" అనింది.

ఆమె మాట న్యాయమే. మా ఊళ్లో స్వెట్టరు బీరువాలోంచి బయటికొచ్చేది ధనుర్మాసంలో తిరుమల కొండకు పోయినప్పుడు. అదీ ఒక్క రాత్రికి. అందుకే, మీ వీధిలో ఇట్టాంటి క్లాసు పెట్టాలని ఎవరైనా అడిగితే నేను మొట్టమొదట చెప్పేది, స్వెట్టరు మాట ఎత్తబాకండి అని. ఆరేళ్లలో మా క్లాసులో పూర్తయిన స్వెట్టర్లు రెండే రెండు. ఒకటి కెనడాలో ఉన్న మనవడికి పోయింది, రెండోది నాదే. మిగతావన్నీ గిన్నెలు తోమే గుడ్డలు, పసిబిడ్డల టోపీలు, గుమ్మానికి తోరణాలు, ముసలివాళ్ల మోకాళ్ల మీద కప్పే చిన్న దుప్పట్లు. రెండు మూడు వారాల్లో చేతికొచ్చే పని ఇస్తే మనిషి మళ్లీ వస్తుంది. ఆరు నెలల పని ఇస్తే నాలుగో వారానికి "ఇంట్లో చుట్టాలొచ్చారక్కా" అంటుంది.

నాకు ఈ పని పఠాన్‌కోట్‌లో అబ్బింది. మా ఆయన ఎయిర్‌ఫోర్సు. జనవరి ఎండలో క్వార్టర్స్ ముందర మంచాలు వేసుకుని పంజాబీ ఆడవాళ్లు చేతుల వైపు చూడకుండానే చకచకా అల్లేసేవాళ్లు. మాటలూ ఆగవు, అల్లిక పుల్లలూ ఆగవు. నాకు హిందీ రాదు. "సీదా, ఉల్టా" అనే రెండు మాటలతో వాళ్ల నడుమ కూర్చున్నాను. హిందీ కంటే అల్లికే ముందొచ్చింది. ఇప్పటికీ మా మిద్దె మీద సూటి కుట్టు అనం, తిరగ కుట్టు అనం. సీదా, ఉల్టా అనే అంటాం.

చోటు, మనుషులు, బజ్జీలు

మొదట ఒక అపార్ట్‌మెంటు సెల్లారులో పెట్టాం. మూడు నెలలకు "మీటింగు కుర్చీలు అరిగిపోతున్నాయమ్మా" అన్నారు. కుర్చీలు కూర్చుంటే అరుగుతాయని నాకు అప్పుడే తెలిసింది. మూట కట్టుకుని మా మిద్దెకొచ్చేశాం. అదే మేలైంది. సెల్లారులో పగటి వెలుతురు లేదు, అల్లికకు ముందు కావాల్సింది అదే.

చేతులున్న కుర్చీలు వద్దు, పొడుగు పుల్లలు పట్టుకుంటే మోచేతులు కొట్టుకుంటాయి. చాప మీద కూర్చోగలిగిన వాళ్లు చాప మీద, మోకాళ్ల నొప్పుల వాళ్లు స్టూళ్ల మీద. ఊలు ఉండ కిందపెడితే ఇల్లంతా దొర్లి కసువంతా మోసుకొస్తుంది. అందుకని తలా ఒక చెంబు తెచ్చుకోమంటాను. ఉండ చెంబులో ఉంటే గిరగిరా తిరుగుతుందే గాని బయటికి రాదు. నేర్పేది ఒక్కరే అయితే ఎనిమిది మందిని మించి చేర్చుకోకండి. తొమ్మిదో మనిషి దగ్గరికి మీరు పోయేలోపు మొదటి మనిషి కుట్లు జార్చేసి ఉంటుంది.

ఎడమచేతి వాటం వాళ్లుంటే పక్కన కూర్చోబెట్టుకోకండి, ఎదురుగా కూర్చోబెట్టండి. అద్దంలో చూసినట్టు చూసి చేసేస్తారు.

తిండి విషయంలో ఒకటే నియమం, అల్లిక అయిన తర్వాతే. మొదట్లో వేడి వేడి మిరపకాయ బజ్జీలు ముందే పెట్టాం. నూనె వేళ్లతో పట్టుకున్న తెల్ల ఊలు నెల తిరిగేసరికి పొయ్యి గుడ్డ అయింది. ఇప్పుడు ఐదున్నర దాకా పుల్లలు, ఆ తర్వాతే పొట్లం విప్పడం. ఎవరి పుట్టినరోజైనా అయితే మలైకాజా.

పుల్లల నంబర్లు, ఒక నేత ఇంటి కోడలు

చిన్నబజారు ఫ్యాన్సీ షాపులో పుల్లలు అడిగితే "ఏ నంబరు?" అంటారు. మన దగ్గర ఇంకా పాత ఇంగ్లీషు నంబర్లే నడుస్తున్నాయి. వాటిలో నంబరు పెరిగేకొద్దీ పుల్ల సన్నబడుతుంది. 8 నంబరు అంటే 4 మిల్లీమీటర్లు, 10 నంబరు అంటే 3.25, 6 నంబరు అంటే 5. ఈ తిరకాసు ఎంతమందికి చెప్పినా ఎక్కలేదు. ఫోనులో వీడియో చూసి "అక్కా, అందులో 6 నంబరు అన్నారు" అని తెచ్చుకునేవాళ్లు. ఆ వీడియో అమెరికా వాళ్లది. వాళ్ల 6 మన 8. వాళ్లకు నంబరుతో పాటు పుల్లా లావవుతుంది. చివరికి నంబరు వదిలేసి మిల్లీమీటరు చూసి కొనమన్నాను.

ఒక్కసారి చెప్పగానే పట్టేసింది మాత్రం పాటూరు నుంచి మా వీధికి కోడలుగా వచ్చిన అమ్మాయి. పుట్టింట్లో మగ్గాలు. "నూలు కౌంటు లాగానే కదక్కా. 40 కౌంటు లావు, 100 కౌంటు సన్నం" అనింది. నిజమే. ఒక తూకం నూలులో ఎన్ని చిలపలు, అంటే ఒకే పొడవుండే నూలు కట్టలు, వస్తాయన్నదే కౌంటు. చిలపలు ఎక్కువొచ్చాయంటే దారం సన్నమనే కదా. ఆ అమ్మాయే తర్వాత పుట్టింటి నుంచి మిగులు నూలు తెచ్చింది. చీర నూలు ఒక పోగు మన పుల్లలకు ఆనదు. ఎనిమిదో పదో పోగులు కలిపి ఉండ చుట్టుకుంటే చేతిగుడ్డలకు బ్రహ్మాండంగా పనికొచ్చింది.

కొత్తవాళ్లకు నేను తెప్పించేవి ఇంతే. 8 నంబరు పుల్లలు ఒక జత, లేతరంగు నూలు ఉండ ఒకటి, మొనలేని లావు సూది, టేపు, నాలుగు పిన్నీసులు, కొన వంకీ తిరిగిన క్రోషా సూది ఒకటి. నల్ల ఊలు, ముదురు నీలం తెస్తే వెనక్కి పంపిస్తాను. కుట్టు కనపడకపోతే నేర్పేదెట్టా? మెరుపు ఊలు, బొచ్చు ఊలు కూడా అంతే. స్టీలు పుల్లలు చెమట చేతుల్లో జారుతాయి, మొదటి ఆరు నెలలు వెదురువి మేలు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మా మిద్దె మీద పౌడరు డబ్బా ఒకటి మధ్యలో ఉంటుంది. అరచేతులకు కాస్త రాసుకుంటే ఊలు పుల్లకు అంటుకుని గీపెట్టదు.

ఊలు అని అందరం అంటాం గాని, షాపుల్లో దొరికే రంగురంగుల ఉండల్లో చాలావరకు యాక్రిలిక్. లేబులు చదవండి. యాక్రిలిక్ నీళ్లు పీల్చదు, వేడికి కరుగుతుంది. దానితో వేడి గిన్నెలు పట్టి దించే గుడ్డ అల్లకూడదు. మా వాళ్లలో ఒకామె అల్లింది. పులుసు గిన్నెకూ గుడ్డకూ విడదీయరాని బంధం పడింది. వంటింటి సామానుకు నూలే. పసిపిల్లల టోపీకి మెత్తటి యాక్రిలిక్ సరిపోతుంది, ఉతుకుడికి నిలుస్తుంది.

మొదటి రోజు

కుట్లు ఎక్కించడం మొదటి రోజు నేర్పబాకండి. ఆ పని కొత్త చేతికి అన్నిటికన్నా కష్టం. నేను ముందు రాత్రే కూర్చుని అందరి పుల్లల మీదా 30 కుట్లు ఎక్కించి, రెండు వరుసలు అల్లి పెడతాను. వచ్చిన మనిషి నేరుగా మూడో వరుస మొదలుపెడుతుంది. గంట తిరిగేసరికి చేతిలో రెండు వేళ్ల వెడల్పు గుడ్డ ఉంటుంది. ఇంటికి పోయి చూపించుకోవడానికి అది చాలు.

సీదా కుట్టు ఇట్టా. కుట్లున్న పుల్ల ఎడమ చేతిలో, ఖాళీ పుల్ల కుడి చేతిలో. ఊలు వెనక ఉండాలి. మొదటి కుట్టులోకి కుడి పుల్ల మొనను ఎడమ నుంచి కుడికి దూర్చాలి. మొన ఎడమ పుల్ల వెనక్కి పోతుంది. వెనకున్న ఊలును మొన చుట్టూ ఒక్క చుట్టు తిప్పి రెండు పుల్లల నడుమగా దించాలి. ఆ చుట్టు జారిపోకుండా మొనను వచ్చిన దారినే ముందుకు లాగాలి. కుడి పుల్ల మీద కొత్త కుట్టు నిలుస్తుంది. ఇక ఎడమ పుల్ల మీది పాత కుట్టును వదిలేయడమే. మేము పైకి అనుకుంటూ అల్లుతాం: దూరు, చుట్టు, లాగు, జారు. ఎనిమిది మంది ఒకేసారి అంటుంటే కింద పోయేవాళ్లకు వ్రతం జరుగుతున్నట్టే వినిపిస్తుందట.

ఉల్టా రెండో వారం. అందులో ఊలు ముందుకొస్తుంది, మొన కుడి నుంచి ఎడమకు దూరుతుంది, కొత్త చుట్టు వెనక్కి పోతుంది. సీదాను అవతలి వైపు నుంచి చూస్తే కనిపించేదే ఉల్టా. ఇది చెప్పి, గుడ్డ తిప్పి చూపిస్తే సగం భయం పోతుంది.

మొదటి గుడ్డ మొత్తం సీదానే, ప్రతి వరుసా. ఇందులో ఒక అందమైన లెక్క ఉంది. అన్నీ సీదా అల్లితే రెండు వరుసల ఎత్తు ఒక కుట్టు వెడల్పుకు ఇంచుమించు సమానం. 30 కుట్లు, 60 వరుసలు అల్లితే గుడ్డ చదరంగా వస్తుంది. వరుసలు లెక్కపెట్టడం విసుగైతే మూలకు మూల మడిచి చూడండి, అంచులు కలిస్తే అయినట్టే. ఇదే ఒక వరుస సీదా ఒక వరుస ఉల్టా అల్లితే అంచులు ఎండిన తమలపాకు లాగా చుట్టుకుపోతాయి. అది మీ తప్పు కాదు, ఆ అల్లిక గుణం. కొత్తవాళ్లకు మాత్రం తమ తప్పే అనిపిస్తుంది. అందుకే మొదటి గుడ్డకు దాన్ని తీసుకోను.

కుట్లు పిల్లలు పెట్టడం

నన్ను ఎండదెబ్బ అన్న ఎదురింటి అత్త నాలుగో వారం తనే మెట్లెక్కి వచ్చింది. కూర్చుని నేర్చుకుని, పని ఇంటికి తీసుకుపోయి, మరుసటి శనివారం గుడ్డ నా ముఖాన పెట్టి, "మే, నా కుట్లు పిల్లలు పెట్టినాయి" అనింది. లెక్కపెడితే 30 కాదు, 47. గుడ్డ చాటలాగా విచ్చుకుంది.

మీ క్లాసులోనూ ఇది జరిగి తీరుతుంది, కాబట్టి కారణాలు తెలిసి ఉండాలి. మొదటిది వరుస మొదట్లో. పుల్ల తిప్పినప్పుడు ఊలు పుల్ల పైనుంచి వెనక్కి పోతే, కింది కుట్టు కూడా పైకి లేచి ఒక్క కుట్టు రెండుగా కనపడుతుంది. రెండింటినీ అల్లేస్తారు. ఊలును కిందికి దించి వెనక్కి తీసుకుంటే సరి. రెండోది, పని మధ్యలో ఆపి సీదా వరుసలో ఊలు ముందుకొచ్చి ఉండటం. అట్టాగే అల్లితే పుల్ల మీద ఒక చుట్టు అదనంగా పడి కింద చిల్లు వస్తుంది. మూడోది, పోగులు పోగులుగా ఉన్న నూలును మొనతో చీల్చి ఒకదాన్ని రెండు చేయడం. అత్త ఈ మూడూ చేసింది, ఓపికగా, వరుసకొకటి చొప్పున.

మందు ఒకటే, ప్రతి వరుస చివర కుట్లు లెక్కపెట్టడం. పదికొక దారం ఉంగరం పుల్లకు తగిలిస్తే ముప్పై లెక్కపెట్టడానికి క్షణం పట్టదు.

కుట్లు తగ్గితే ఎక్కడో జారిందన్నమాట. జారిన చోట నిచ్చెన మెట్లలాగా అడ్డ పోగులు కనపడతాయి. కంగారుపడి గుడ్డ లాగకండి, ఇంకా దిగుతుంది. ముందు జారిన కుట్టుకు పిన్నీసు పెట్టండి. తర్వాత క్రోషా సూది దాంట్లో దూర్చి, పైనున్న మెట్టును పట్టి కుట్టులోంచి లాగండి, ఆపైన ఇంకో మెట్టు. పైకి వచ్చాక పుల్ల మీద ఎక్కించడమే. ఇది మొదటిసారి చూపించినప్పుడు అందరూ చుట్టూ మూగుతారు. నాకు ఆ క్లాసులో అన్నిటికన్నా ఇష్టమైన పది నిమిషాలు అవే.

మూడో వారం అందరి చేతా కావాలనే పది వరుసలు విప్పిస్తాను. మొదట్లో ఏడుపు మొహాలు పెడతారు. పాటూరు అమ్మాయి పుల్ల బయటికి లాగి, ఊలు చివర పట్టి లాగుతూ ఉంటే వరుసలు జరజరా పోతుంటే నోరెళ్లబెట్టింది. మగ్గం మీద పడుగు వేరు, పేక వేరు, నేసింది నేసిందే. ఇక్కడ మొత్తం ఒకటే పోగు. "మా నాయన మగ్గం మీద తప్పు పడితే మూడు రోజులు అన్నం తినేవాడు కాదక్కా, దీన్ని చూపించాల" అనింది. విప్పిన ఊలు గింజలు గింజలుగా ముడతలు పడి ఉంటుంది. కుర్చీ వీపుకు చుట్టి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, చిలపలాగా తీసి నీళ్లలో ముంచి నీడన వేలాడదీస్తే సాపవుతుంది.

పసిబిడ్డల టోపీ

గుడ్డ అయిన మనిషికి రెండో పని ఇదే. ఎండల ఊళ్లో ఊలు టోపీ ఏమిటని మళ్లీ అడుగుతారు. అప్పుడే పుట్టిన బిడ్డకు ఒంటితో పోలిస్తే తల పెద్దది, అక్కడినుంచి వేడి బాగా పోతుంది. తడి ఒంటితో పుట్టి ఏసీ గదిలోకి వస్తారు. 2.5 కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టిన వాళ్లను తల్లి గుండెకు ఆనించి పడుకోబెట్టేటప్పుడు కూడా తలకు టోపీ ఉంచుతారు.

మేము చేసిన పొరపాటు చెబుతాను. మొదటి ఇరవై టోపీలు ఎవరినీ అడక్కుండా అల్లాం. ఒక్కోదానికి పైన కుచ్చుబంతి, పక్కన పూసలు, బొత్తాలతో చెవులు. ఆస్పత్రికి తీసుకుపోతే నర్సమ్మ ఒక్కోటి తిప్పి చూసి, పందొమ్మిది వెనక్కిచ్చింది. బొత్తాం ఊడితే బిడ్డ నోట్లోకి పోతుంది. కుచ్చుబంతి ఉంటే తల ఆనదు. లోపల వేలాడే పోగులు వేళ్లకు చుట్టుకుంటాయి. ఇంకో మాట కూడా చెప్పింది, ఇంటికి పోయాక మే నెలలో ఈ టోపీ పెట్టి పడుకోబెట్టొద్దని తల్లికి చెప్పమని. ఉక్కపోత కూడా బిడ్డకు చేటే. అందుకని ముందు పోయి అడగండి, తర్వాత అల్లండి.

ఇప్పుడు మేము అల్లేది ఇది. 8 నంబరు పుల్లలు, యాక్రిలిక్ ఊలు. ముందు చిన్న ముక్క అల్లి చూడండి, 22 కుట్లకు 10 సెంటీమీటర్లు రావాలి. మీ చేయి బిగువైతే 7 నంబరు తీసుకోండి. 72 కుట్లు ఎక్కించి 8 వరుసలు రెండు సీదా, రెండు ఉల్టా. ఇది సాగే అంచు. 72 నాలుగుతో భాగించబడుతుంది కాబట్టి వెనక వరుస కూడా రెండు సీదాతోనే మొదలవుతుంది, గుర్తు పెట్టుకోవాల్సిన పని లేదు. తర్వాత ఒక వరుస సీదా, ఒక వరుస ఉల్టా, మొదటి నుంచి 10 సెంటీమీటర్లు అయ్యేదాకా.

ఇక తగ్గించడం. 7 సీదా అల్లి, రెండు కుట్లు కలిపి ఒకటిగా అల్లాలి. వరుసంతా ఇట్టా ఎనిమిది సార్లు. 64 మిగులుతాయి. వెనక వరుస ఉల్టా, అందులో తగ్గింపు లేదు. తర్వాత 6 సీదా, రెండు కలిపి, 56. మళ్లీ ఉల్టా. ఇట్టా ప్రతి సీదా వరుసకూ ఎనిమిదేసి తగ్గుతూ వస్తే 16కు చేరతాయి. ఒక ఉల్టా వరుస అల్లి, చివరి వరుసలో అన్నీ రెండేసి కలిపితే 8. ఊలు ఒక మూర వదిలి కత్తిరించి, లావు సూదితో ఆ ఎనిమిదింట్లోంచి లాగి బిగించి, అదే పోగుతో పక్క కుట్టు వేసేయాలి. తక్కువ బరువు బిడ్డకు 64తో మొదలుపెట్టండి, తగ్గింపు 6 సీదా దగ్గర మొదలవుతుంది. 50 గ్రాముల ఊలుకు మాకు రెండు టోపీలు వస్తున్నాయి.

పోగులు లోపల దాచేసి, ఉతికి, నీడన ఆరబెట్టి, కవర్లో పెట్టి ఇవ్వండి. ఇస్త్రీ మాత్రం వద్దు. వేడి తగిలితే యాక్రిలిక్ నిగనిగలాడుతూ చచ్చుబడిపోతుంది, మళ్లీ సాగదు.

క్రోషా వాళ్లు

ఏ క్లాసులోనైనా సగం మంది రెండు పుల్లల జోలికి రారు, "నాకు క్రోషా నేర్పక్కా" అంటారు. ఆ వైపు మనకు పాత పరిచయం ఉంది. గోదావరి జిల్లాలో నరసాపురం లేసు ఉంది కదా, దానికి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా అమ్మమ్మల కాలంలో దిండు గలీబుకు లేసు అంచు లేకుండా పెళ్లి సామాను అయ్యేది కాదు.

ఒక హెచ్చరిక. వీడియోల్లో క్రోషా కుట్లకు సింగిల్, డబుల్ అనే పేర్లు రెండు రకాలుగా వాడతారు. అమెరికా వాళ్లు సింగిల్ అన్నదాన్నే ఇంగ్లండు వాళ్లు డబుల్ అంటారు. మేము అమెరికా లెక్క పట్టుకున్నాం. అందులో సింగిల్ పొట్టి కుట్టు, డబుల్ పొడుగు కుట్టు, హాఫ్ డబుల్ ఆ రెండింటికీ నడిమిది.

ఉగాదికి ముందు నెలంతా మామిడాకు తోరణాలే. ఆకుపచ్చ నూలుతో 16 గొలుసు కుట్లు. సూది నుంచి రెండో గొలుసులో మొదలుపెట్టి 2 సింగిల్, 2 హాఫ్ డబుల్, 7 డబుల్, 2 హాఫ్ డబుల్, 1 సింగిల్. చివరి గొలుసులో మూడు సింగిల్స్ వేస్తే ఆకు కొన తిరుగుతుంది. ఇప్పుడు గొలుసు అవతలి పక్కన 1 సింగిల్, 2 హాఫ్ డబుల్, 7 డబుల్, 2 హాఫ్ డబుల్, 2 సింగిల్. ఒక ఆకు అయింది. గుమ్మం వెడల్పు గొలుసు అల్లి, బేసి లెక్కన తొమ్మిదో పదకొండో ఆకులు తగిలించాలి. అయ్యాక పలచటి గంజిలో ముంచి, ఆకులు వేళ్లతో సాపుగా నొక్కి ఆరబెట్టండి. గంజి పెట్టని తోరణం వారానికి చింపిరి జుట్టులాగా వేలాడుతుంది.

కోటమిట్ట నుంచి వచ్చే ఆపా మాకు నమాజు టోపీ నేర్పింది. అక్కడ నేను శిష్యురాలిని. నడినెత్తి నుంచి మొదలుపెట్టి సింగిల్ కుట్లతో 6, 12, 18, 24, ఇట్టా చుట్టుకు ఆరు పెంచుకుంటూ పోతే చక్రం చదునుగా వస్తుంది. తక్కువ పెంచితే గిన్నె అవుతుంది, ఎక్కువ పెంచితే అప్పడంలాగా అలలు పడుతుంది. తల చుట్టుకొలతను 3.14తో భాగిస్తే చక్రం వెడల్పు వస్తుంది. 56 సెంటీమీటర్ల తలకు దాదాపు 18. అక్కడితో పెంచడం ఆపి అల్లుతూ పోతే గోడ దిగుతుంది. బారాషహీద్ దర్గా రొట్టెల పండగకు ముందు ఆమెకు ఊపిరి సలపదు. ఒక ఏడు ఆ పండగకు మేమందరం స్వర్ణాల చెరువుకు పోయాం. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె అని జనం అడిగి తీసుకుంటుంటే, ఎదురింటి అత్త నీళ్లలో నిలబడి గట్టిగా, "స్వెట్టరు పూర్తయ్యే రొట్టె ఎవురి కాడుందో ఇయ్యండమ్మా" అనింది.

అందరూ కలిసి ఒకే దుప్పటి

ఏడాదికొక ఉమ్మడి పని పెట్టుకోండి. మాది వృద్ధాశ్రమానికి మోకాళ్ల దుప్పటి. 15 సెంటీమీటర్ల చదరాలు 48, ఆరు వరుసలు, ఎనిమిది నిలువులు, మొత్తం 90కి 120.

మొదటి ఏడు "33 కుట్లు, 66 వరుసలు" అని అందరికీ ఒకే లెక్క ఇచ్చాను. వచ్చిన 48 చదరాల్లో ఏ రెండూ ఒకటిగా లేవు. బ్యాంకు మేడమ్‌వి గట్టి బిస్కెట్లు, కొత్తగా పెళ్లయిన పిల్లవి దోమతెర ముక్కలు. ఒకే కుట్లు, ఒకే పుల్లలు, చేతుల బిగువు వేరు. కలిపి కుడితే దుప్పటి కుక్కిమంచంలాగా తయారైంది.

రెండో ఏడు లెక్క మానేసి కొలత పెట్టాను. మూల నుంచి మూలకు అల్లిక. మూడు కుట్లతో మొదలు. ప్రతి వరుస మొదట్లో ఒక కుట్టు పెంచుతూ అన్నీ సీదా. ముక్కోణం పెరుగుతూ ఉంటుంది. దాని పక్క అంచు 15 సెంటీమీటర్లు కాగానే ప్రతి వరుస మొదట్లో రెండు కలిపి ఒకటి తగ్గిస్తూ మళ్లీ మూడుకు రావాలి. చేయి బిగువైన మనిషికి కుట్లు ఎక్కువ పడతాయి, వదులైన మనిషికి తక్కువ పడతాయి, చదరం మాత్రం అదే వస్తుంది. తలా ఒక 15 సెంటీమీటర్ల అట్టముక్క ఇచ్చాను, శుభలేఖల అట్టలే. చదరాలు కలిపి కుట్టే పని ఒక్క మనిషికే అప్పగించండి. ఇద్దరు కుడితే ఏ సగం ఎవరిదో దూరం నుంచే తెలిసిపోతుంది, ఆ తర్వాత మాటలు.

డబ్బు సంగతి

నెలకు యాభై రూపాయలు తీసుకుంటాం, దానధర్మాల ఊలుకు, పౌడరు డబ్బాకు. పుల్లలు, సొంత ఊలు ఎవరివి వాళ్లవే. లెక్క గోడ మీద అంటిస్తాను.

దీన్ని ఉపాధి అని మాత్రం ఎవరికీ ఆశ పెట్టకండి. మా వాళ్లలో ఒకామె టోపీ అమ్మితే వంద వచ్చింది. ఊలు పోను, పట్టిన గంటలతో భాగిస్తే చేతికొచ్చేది టీ ఖర్చు. లేసు అల్లే చోట్ల కూడా అల్లే ఆడదానికి ముట్టేది తక్కువ, నడిమి మనిషికి ముట్టేది ఎక్కువ. అమ్ముకుంటే వద్దనను. కానీ సంసారం గడుస్తుందని చెప్పి చేర్చుకుంటే అది అబద్ధం.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాలు మాకు మామూలే, అప్పుడు వారాలు ఎగిరిపోతాయి. ఆ నెలలకు ఇంట్లో చేసుకునే చదరాలు ముందే పంచేస్తాను. ఊలు సామాను ట్రంకుపెట్టెలో దాచేటప్పుడు నిజం ఊలుకే కలరా ఉండలు, ఎండు వేపాకు కావాలి. యాక్రిలిక్‌ను పురుగు ముట్టదు. నూలుకు చెమ్మ తగలకపోతే చాలు.

హాజరు పట్టీ నేను పెట్టను. ఒక నోటు పుస్తకంలో ఎవరి పుల్లల మీద ఏముందో రాస్తాను. వారం వారం అదే ఉంటే ఆ మనిషి ఎక్కడో చిక్కుకుందని అర్థం. అడగాల్సింది ఆమెనే. పోయిన శనివారం పేజీలో పాటూరు అమ్మాయి: పాప మేజోళ్లు, మడమ తిరగలేదు. బ్యాంకు మేడమ్: నాలుగు చదరాలు. ఆపా: తెల్ల టోపీ, కొడుకు అత్తారింటికి. ఎదురింటి అత్త: స్వెట్టరు, వీపు భాగం, మూడోసారి విప్పింది.